చివరి తూముకు అందని అప్‌డేట్

2025 సెప్టెంబర్ 15, సోమవారం, రాత్రి పదిన్నర. కాలిఫోర్నియాలో అప్పుడే పొద్దున పది కొట్టింది. ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్ ఐఓఎస్ 26ను యాపిల్ విడుదల చేసింది. న్యూయార్క్‌లో ఉన్నవాడి ఐఫోన్‌కూ, నల్గొండ ప్రకాశం బజారు వెనక సందులో ఉన్నవాడి ఐఫోన్‌కూ అది ఒకేసారి అందుబాటులోకి వచ్చింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అడిగితే చాలు.

అదే ఇంట్లో, అదే స్విచ్ బోర్డుకు ఇంకో ఫోన్ చార్జింగ్‌కు పెట్టి ఉందనుకుందాం. ఇంటి పెద్దాయనది. మూడేళ్ల కింద పన్నెండు వేలకు కొన్న ఆండ్రాయిడ్. అందులో 'అబౌట్ ఫోన్' తెరిచి ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కితే 'సెక్యూరిటీ అప్‌డేట్' అని ఒక తేదీ కనిపిస్తుంది. ఇలాంటి ఫోన్లలో ఆ తేదీ నెలల వెనక ఆగిపోయి ఉండటం మామూలే. ఏడాది దాటినవీ ఉంటాయి. 'చెక్ ఫర్ అప్‌డేట్' నొక్కితే చక్రం కాసేపు తిరిగి, మీ ఫోన్ అప్ టు డేట్‌గానే ఉందని చెబుతుంది. అది అబద్ధమేమీ కాదు. ఆ మోడల్‌కు కంపెనీ పంపిందే అంతవరకు.

ఒకే ఇల్లు, ఒకే వైఫై. ఇంత తేడా ఎందుకంటే "అది ఖరీదైన ఫోన్ కదా" అంటారు. అందులో నిజం సగమే. నలభై వేలు పోసి కొన్న ఆండ్రాయిడ్ కూడా చాలాసార్లు వరుసలో నిలబడాల్సిందే.

ఉమ్మడి నల్గొండ వాళ్లకు ఈ సంగతి సాగర్ ఎడమ కాలువ పోలికతో చెబితే తొందరగా అర్థమవుతుంది. డ్యామ్ దగ్గర గేట్లు ఎత్తిన రోజే పేపర్లో ఫోటో వస్తుంది. కాలువ మొదట్లో ఉన్నవాళ్లు ముందు నార్లు పోసుకుంటారు. మేజర్ కాలువ దాటి, మైనర్ కాలువ దాటి, తూము దాటి చివరి పొలానికి నీళ్లు రావాలంటే మధ్యలో వారబందీ (వంతులవారీగా నీళ్లు వదలడం) ఉంటుంది, పూడిక ఉంటుంది, పైవాళ్లు పెట్టుకున్న మోటార్లు ఉంటాయి. ఆండ్రాయిడ్ అప్‌డేట్ వచ్చే దారి ఇలాంటిదే. ఐఫోన్‌ది సొంత బోరు. బోరు, మోటారు, పైపు, పొలం అన్నీ ఒకరివే. స్విచ్ వేస్తే నీళ్లు పారతాయి.

ఈ కాలువలో గూగుల్‌ది డ్యామ్ ఒక్కటే. కొత్త ఆండ్రాయిడ్ కోడ్‌ను అది బయటపెడుతుంది. ఆ కోడ్ ఏ ఫోన్‌లోనూ నేరుగా నడవదు. మొదటి తూము చిప్ కంపెనీ. క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటివి తమ చిప్‌లో ఉన్న మోడెమ్, కెమెరా, గ్రాఫిక్స్ భాగాలకు కొత్త వెర్షన్‌కు సరిపోయే డ్రైవర్లు, అంటే ఆ భాగాలను నడిపించే ప్రోగ్రాములు, రాసి ఇవ్వాలి. తర్వాతది ఫోన్ కంపెనీ. సామ్‌సంగ్‌కు వన్ యూఐ, షావోమికి హైపర్ ఓఎస్, ఒప్పోకు కలర్ ఓఎస్. ఎవరి పైతొడుగు వాళ్లది. గూగుల్ కోడ్ మారిన ప్రతిసారీ ఈ తొడుగును మళ్లీ కుట్టుకోవాలి. ఆ పైన గూగుల్ పెట్టే పరీక్షలు పాస్ కావాలి. దేశాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ కూడా వేరుగా ఉంటుంది కాబట్టి, మోడల్ ఒకటే అయినా యూరప్ ఫోన్‌కు వచ్చిన అప్‌డేట్ ఇండియా ఫోన్‌కు అదే రోజు రావాలని లేదు.

ఎంత ఆలస్యమో ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది. ఆండ్రాయిడ్ 15 కోడ్‌ను గూగుల్ 2024 సెప్టెంబర్ 3న విడుదల చేసింది. గూగుల్ సొంత ఫోన్లు పిక్సెల్‌లకు అది అక్టోబర్ 15న వచ్చింది. సామ్‌సంగ్ అప్పటి పెద్ద ఫోన్ గెలాక్సీ ఎస్24కు 2025 ఏప్రిల్ 7 నుంచి ఇవ్వడం మొదలైంది, అదీ ముందు కొరియాలో. మధ్యలో ఏడు నెలలు. ఈలోగా ఫిబ్రవరిలో అదే కంపెనీ ఎస్25ను ఆండ్రాయిడ్ 15తోనే అమ్మేసింది. అంటే ఏడాది కింద లక్షకు అటూఇటూ పెట్టి కొన్న మనిషి ఎదురుచూస్తుంటే, కొత్త డబ్బా కొన్న మనిషికి అది డబ్బాలోనే దొరికింది. దీన్ని సాంకేతిక కష్టం అని మాత్రమే సరిపెట్టడం కుదరదు. ఎవరిని ముందు చూసుకోవాలో కంపెనీ తేల్చుకున్న తీరు కూడా ఇందులో ఉంది.

ఫోన్ కంపెనీకి మనసు ఉన్నా పైతూము మూసేస్తే చేయగలిగింది తక్కువ. నెదర్లాండ్స్‌లో ఫెయిర్‌ఫోన్ అనే చిన్న కంపెనీ ఉంది. ఫోన్లు ఎక్కువ కాలం పనిచేయాలన్నదే దాని పట్టుదల. 2015లో అది తెచ్చిన ఫెయిర్‌ఫోన్ 2లో స్నాప్‌డ్రాగన్ 801 చిప్ ఉండేది. ఆండ్రాయిడ్ 6 తర్వాత ఆ చిప్‌కు క్వాల్‌కామ్ సపోర్ట్ ఆపేసింది. అయినా ఆ కంపెనీ బయటి ప్రోగ్రామర్ల సాయంతో కిందామీదా పడి ఆండ్రాయిడ్ 10 దాకా లాక్కొచ్చి, 2023 మార్చి వరకు ఆ ఫోన్‌ను బతికించింది. ఏడాదికి పదుల మోడళ్లు వదిలే కంపెనీలు పాత మోడల్ కోసం ఇంత కష్టపడవు.

పడకపోవడానికి డబ్బు కారణం. 2018లో షావోమి తన హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటదని బాహాటంగా ప్రకటించింది. పన్నెండు వేల ఫోన్ మీద 5 శాతం అంటే ఆరు వందలు. ఆ ఆరు వందల్లోంచి మూడేళ్లు ఇంజినీర్లను పెట్టి అప్‌డేట్లు చేయించాలి, మోడల్ మోడల్‌కూ విడిగా పరీక్షించాలి. ఫోన్ ఒకసారి అమ్ముడుపోయాక ఆ పనికి మళ్లీ రూపాయి రాదు. యాపిల్‌ది ఇంకో లెక్క. ఏడాదికి నాలుగైదు మోడళ్లే, చిప్ సొంతం, లాభం ఎక్కువ. అమ్మిన తర్వాత కూడా యాప్ స్టోర్, ఐక్లౌడ్ ద్వారా ఆ మనిషి నుంచి డబ్బు వస్తూనే ఉంటుంది. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా ఒక సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిందంటే అది దయతో చేసిన పని కాదు. పాత కస్టమర్ కూడా యాపిల్‌కు కస్టమరే.

గూగుల్‌కు ఈ బాధ ఎప్పుడో తెలుసు. గట్టిగా తగిలింది మాత్రం 2015 జులైలో. స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఆండ్రాయిడ్‌లో వీడియోలను చదివే భాగంలో ఉన్న లోపమది. ఒక ఎంఎంఎస్ పంపితే చాలు, ఫోన్‌లోకి చొరబడే వీలుండేది. దాదాపు 95 కోట్ల ఫోన్లకు ఆ ముప్పు ఉందని దాన్ని కనిపెట్టిన సంస్థ అంచనా వేసింది. గూగుల్ దగ్గర మందు ఉంది, కానీ రోగి దగ్గరికి తీసుకెళ్లే దారి తన చేతిలో లేదు. ఆ ఆగస్టు నుంచే నెలనెలా సెక్యూరిటీ బులెటిన్ ఇవ్వడం మొదలైంది.

తర్వాత పదేళ్లలో గూగుల్ చేసిన పనిని ఒక్క మాటలో చెప్పాలంటే, కాలువ పక్కనే విడిగా పైపులైన్ వేసుకుంటూ వచ్చింది. 2017లో ఆండ్రాయిడ్ 8తో చిప్‌కు సంబంధించిన కోడ్‌ను మిగతా ఆండ్రాయిడ్ నుంచి వేరు చేసింది. దాంతో పైభాగం మార్చాలంటే కిందది కదపాల్సిన పని తగ్గింది. దీనికి ప్రాజెక్ట్ ట్రెబుల్ అని పేరు. 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చిన మెయిన్‌లైన్ అసలు మలుపు. సిస్టమ్‌లోని కొన్ని భాగాలను ఫోన్ కంపెనీ ప్రమేయం లేకుండా, ప్లే స్టోర్ దారిన గూగుల్ నేరుగా మార్చేలా చేసింది. మొదటి విడతలోనే అందులోకి ఎక్కిన భాగాల్లో స్టేజ్‌ఫ్రైట్ దెబ్బ తిన్న మీడియా భాగం ఒకటి. సెట్టింగ్స్‌లో 'గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్' అని సెక్యూరిటీ తేదీకి పక్కనో కిందో ఇంకో తేదీ కనిపించేది దీనిదే. ఒక్కోసారి మొదటి తేదీ ఎప్పుడో ఆగిపోయి, ఈ రెండో తేదీ మాత్రం ముందుకు నడుస్తూ ఉంటుంది.

ఈ పైపులైన్ బలం కరోనా కాలంలో తెలిసింది. 2020 మేలో గూగుల్, యాపిల్ కలిసి, కరోనా వచ్చినవాళ్ల దగ్గర మసిలినవాళ్లను గుర్తించే కాంటాక్ట్ ట్రేసింగ్ ఏర్పాటు ఒకటి తెచ్చాయి. (మన దేశం దాన్ని వాడలేదు, ఆరోగ్య సేతు మీదే నడిచింది.) ఐఫోన్లలో అది కావాలంటే ఐఓఎస్ 13.5కు అప్‌డేట్ కావాల్సిందే. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ప్లే సర్వీసెస్ ద్వారా, ఐదేళ్ల కిందటి ఆండ్రాయిడ్ 6 ఫోన్లకు కూడా సడీచప్పుడు లేకుండా చేరిపోయింది. 2023 సెప్టెంబర్‌లో మన దేశంలో మొదలైన భూకంప హెచ్చరికలదీ అదే దారి. ఆండ్రాయిడ్ 5 ఉన్న ఫోన్లకూ వర్తించింది. ఐఫోన్‌లో సఫారీ బ్రౌజర్‌లో లోపం దొరికితే మామూలుగా మొత్తం ఐఓఎస్‌కే అప్‌డేట్ రావాలి. ఆండ్రాయిడ్‌లో క్రోమ్‌కు ప్లే స్టోర్ నుంచి విడిగా వస్తుంది. ఈ ఒక్క విషయంలో ఆండ్రాయిడ్‌దే పైచేయి అనాలి. అయితే పైపులైన్ అందని చోట్లు ఇంకా చాలానే ఉన్నాయి. చిప్ డ్రైవర్‌లో లోపం ఉంటే దాని మందు పాత కాలువ మీదే రావాలి.

సొంత బోరు ఉన్నంత మాత్రాన యాపిల్ ఎవరి కోసమూ ఆగదనుకోవడం కూడా పొరపాటే. 2022 అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది. ఎయిర్‌టెల్ మొదట మొదలుపెట్టిన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. మహబూబ్‌నగర్ నుంచి, నల్గొండ నుంచి రోజూ అక్కడికి పోయివచ్చే ఉద్యోగుల చేతుల్లో 5జీ ఫోన్లున్నాయి, నెత్తి మీద 5జీ సిగ్నల్ ఉంది. చాలా ఫోన్లలో మాత్రం 4జీ అనే చూపించింది. ఎందుకంటే ఆ ఫోన్ ఇక్కడి ఆపరేటర్ 5జీని పట్టుకోవాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తలుపు తెరవాలి. జియోది స్టాండ్‌అలోన్ (విడిగా 5జీ మీదే నడిచే) పద్ధతి, అప్పట్లో ఎయిర్‌టెల్‌ది నాన్ స్టాండ్‌అలోన్ (4జీ ఆసరాతో నడిచే) పద్ధతి. రెండింటికీ విడిగా పరీక్షలు. కేంద్రం ఫోన్ కంపెనీలను, ఆపరేటర్లను కూర్చోబెట్టి తొందరపెట్టింది. ఐఫోన్లకు ఆ తలుపు తెరుచుకున్నది డిసెంబర్ 13న, ఐఓఎస్ 16.2తో. లక్ష పెట్టి కొన్న ఫోన్ రెండున్నర నెలలు అప్‌డేట్ కోసం కూర్చుంది.

ఒకే షాపులో ఒకేరోజు కొన్న ఒకే మోడల్ ఫోన్లు రెండింటిలో ఒకదానికి అప్‌డేట్ వచ్చి ఇంకోదానికి రాకపోవడం కూడా ఉంది. అది కంపెనీ కావాలని చేసేదే. ముందు నూటికి ఒకటో రెండో ఫోన్లకు పంపి, ఏమైనా చెడిపోతుందేమో చూసి, తర్వాత మిగతావాళ్లకు వదులుతారు. ఐఫోన్లోనూ అప్‌డేట్‌ను ఆటోమేటిక్ మీద వదిలేసిన వాళ్లకు విడుదలైన రోజే రాదు. ఒకటి నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. ఇలా ఆచితూచి వదలకపోతే ఏమవుతుందో 2014 సెప్టెంబర్ 24న కనిపించింది. ఐఓఎస్ 8.0.1 ఎక్కించుకున్న ఐఫోన్ 6లకు నెట్‌వర్కే పోయింది. గంట దాటాక యాపిల్ దాన్ని వెనక్కి తీసుకుంది. బోరు ఎవరిదైతేనేం, నీళ్లలో చెత్త వస్తే అందరి పొలంలోకీ ఒకేసారి వస్తుంది.

అందుకే జనానికి భయం. "అప్‌డేట్ కొడితే ఫోన్ స్లో అయితది, దాని జోలికి పోకు" అనే మాట మొబైల్ షాపుల దగ్గర రోజూ వినిపిస్తుంది. దీన్ని ఉత్త అపోహ అని కొట్టిపారేయడం సులువే గానీ, దాని వెనక చరిత్ర ఉంది. 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1తో యాపిల్, బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని చెప్పకుండా తగ్గించింది. ఉన్నట్టుండి ఆఫ్ కాకుండా చూడటానికే అలా చేశామని ఆ డిసెంబర్‌లో ఒప్పుకుని, బ్యాటరీ మార్చే ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. 2018లో ఇటలీ ఇలాంటి అప్‌డేట్ల విషయంలోనే యాపిల్‌కు కోటి యూరోలు, సామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. మనవైపు కూడా కొన్ని మోడళ్లలో అప్‌డేట్ అయిన తర్వాత స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత పడిందని సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు.

కానీ చాలా ఇళ్లల్లో అప్‌డేట్ ఆగిపోవడానికి కారణం ఈ భయం కూడా కాదు. స్టోరేజ్ ఫుల్. 64 జీబీలో పెళ్లి ఫోటోలు, బతుకమ్మ వీడియోలు, వాట్సాప్ గ్రూపుల గుడ్ మార్నింగులు నిండిపోయి ఉంటాయి. అప్‌డేట్‌కు రెండు మూడు జీబీ ఖాళీ కావాలి, రోజుకు వచ్చే జీబీన్నర డేటాలో అది దిగదు. 'లేటర్' అన్న బటన్ పైన వేలు అలవాటుగా పడిపోతుంది.

ఇంతవరకు చెప్పింది దూరం సంగతి. పాలమూరు, నల్గొండ పల్లెల్లో దీనికంటే పెద్ద సమస్య కాలంతో వస్తుంది. ఇక్కడ ఫోన్ ఒకరి దగ్గర ఆగదు. నగరంలో కొడుకు రెండేళ్లు వాడి కొత్తది కొనుక్కుంటాడు, పాతది నాన్నకు వస్తుంది. నాన్న దగ్గర స్క్రీన్ పగిలితే వేయించుకుని అమ్మకు ఇస్తాడు. కోస్గి నుంచో, మద్దూరు నుంచో ముంబై, పుణె పనికి వెళ్లినవాళ్లు ఇంటికి పంపే ఫోన్ కూడా ఎక్కువగా అలాంటిదే. కాలువకు చివరి పొలం ఉన్నట్టే ఫోన్‌కూ చివరి మనిషి ఉంటారు. సరిగ్గా ఆ మనిషి చేతికి వచ్చేసరికి అప్‌డేట్ల గడువు అయిపోయి ఉంటుంది. రైతు భరోసా డబ్బు పడిన మెసేజ్, ఫోన్‌పే, బ్యాంకు ఓటీపీ అన్నీ ఆ ఫోన్‌లోనే.

కొత్త ఫోన్ కొన్నా ఈ ఉచ్చు ఉంది. అప్‌డేట్ల గడువు మామూలుగా మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. 2022 మార్చిలో వచ్చిన మోడల్‌కు మూడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ చెప్పిందనుకుందాం. దాన్ని 2024 దసరా ఆఫర్లో సీల్ పీస్‌గా కొన్నవాళ్లకు మిగిలేది ఐదు నెలలు. ధర ఎందుకు తగ్గిందో అప్పుడు అర్థమవుతుంది.

ఈ మధ్య గడువులు పెరిగిన మాట నిజమే. 2023 అక్టోబర్‌లో పిక్సెల్ 8కు గూగుల్, 2024 జనవరిలో ఎస్24కు సామ్‌సంగ్ ఏడేళ్లు ప్రకటించాయి. అవి ఖరీదైన ఫోన్లు, వాటి సంగతి అలా ఉంచితే, అదే ఏడాది అక్టోబర్‌లో ఇరవై వేల లోపు ధరకు వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తామనడం ఎక్కువ చెప్పుకోదగ్గ విషయం. చేతులు మారే ఫోన్‌కు ఆరేళ్లంటే రెండో మనిషి వరకైనా నీళ్లు అందుతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ ఐదేళ్ల లెక్క మొదలయ్యేది మోడల్ విడుదలైన రోజు నుంచి కాదు, ఆ మోడల్‌ను మార్కెట్లో పెట్టడం ఆపేసిన రోజు నుంచి. ఆఫర్లో చివరి పీస్ కొన్నవాడికి కూడా ఐదేళ్లు ఉంటాయన్నమాట.

గడువు అయిపోయిన ఫోన్ మర్నాడే మూగబోదు. మెల్లగా ఒక్కో యాప్ దాన్ని వదిలేస్తుంది. 2023 అక్టోబర్ 24 నుంచి ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లను వాట్సాప్ వదిలేసింది. 2025 మే 5 నుంచి ఐఓఎస్ 15.1 లేని ఐఫోన్లనూ వదిలింది, ఐఫోన్ 6 కథ అక్కడితో ముగిసింది. ఇది పైకి కనిపించే నష్టం. కనిపించనిది వేరే ఉంది. ట్రాఫిక్ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్ (నొక్కితే యాప్‌గా ఇన్‌స్టాల్ అయ్యేది) వస్తుంది. అప్‌డేట్ అన్నది ఎప్పుడూ సెట్టింగ్స్‌లోంచో ప్లే స్టోర్ నుంచో వస్తుంది తప్ప వాట్సాప్‌లో రాదని తెలియనివాళ్లు దాన్ని ఇన్‌స్టాల్ చేస్తారు. ఆండ్రాయిడ్ 13 నుంచి, ఇలా బయటి నుంచి తెచ్చిన యాప్ స్క్రీన్ మొత్తాన్ని చదివే యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే సిస్టమే అడ్డుపుల్ల వేస్తుంది. దాన్ని దాటే దారులు మోసగాళ్లు వెతుక్కుంటారు గానీ, పాత వెర్షన్లలో ఆ అడ్డుపుల్ల కూడా లేదు. వెర్షన్ నంబర్ పెరిగితే మనకేమొస్తుంది అనేవాళ్లకు ఇది ఒక జవాబు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఫోన్ కంపెనీలు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తాయో ప్రకటించి తీరాలి. మన దగ్గర డబ్బా మీద ఎమ్మార్పీ ఉంటుంది, తయారైన నెల ఉంటుంది, ఐఎంఈఐ నంబర్ ఉంటుంది. తయారైన నెల చూసి మోసపోకూడదు, రెండేళ్ల కిందటి మోడల్ డబ్బా మీద కూడా మొన్నటి నెలే ఉండొచ్చు. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర షాపులో నిలబడి అసలు లెక్క తేల్చుకోవాలంటే, మోడల్ పేరు గూగుల్‌లో కొట్టి అది మార్కెట్లోకి ఎప్పుడొచ్చిందో చూడాలి, కంపెనీ చెప్పిన ఏళ్లు దానికి కలపాలి, ఇవాళ్టి తేదీ తీసేయాలి. సెకండ్ హ్యాండ్ ఫోన్‌కు ఆ లెక్కతో పాటు ఇంకో పని ఉంది. స్విచాన్ చేయించి, అబౌట్ ఫోన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూసి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టాలి.